మోనోపైల్ లోపలి తుప్పుకు 3 మిల్లీమీటర్ల అదనపు ఉక్కు చాలదా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. సముద్రంలో గాలిమర కింద దిగ్గొట్టే మోనోపైల్ ఒక పెద్ద ఉక్కు గొట్టం. మీ ఎం.టెక్ ప్రాజెక్టులో దాని వ్యాసం 6 మీటర్లు, గోడ మందం 60 మిల్లీమీటర్లు, పొడవు 60 మీటర్లు. పైన మూత బిగిస్తారు కాబట్టి లోపలి ఆక్సిజన్ అయిపోగానే తుప్పు ఆగిపోవాలి. ఆగకపోయినా ఏడాదికి 0.1 మిల్లీమీటరు చొప్పున 25 ఏళ్లకు పోయేది రెండున్నర మిల్లీమీటర్లు. ముందే 3 మిల్లీమీటర్లు ఎక్కువ వేసుకుంటే పోయేదానికి లోపల ఆనోడ్లు (ఉక్కుకు బదులు తాము కరిగిపోయే లోహపు దిమ్మెలు), పెయింటు, సెన్సర్లు అంటూ ఇంత హడావిడి ఎందుకు?

చాలదు. కారణాలు రెండు. ఒకటి, ఆ గొట్టం ఎప్పుడూ పూర్తిగా మూసి ఉండదు. రెండు, తుప్పు వల్ల మందం తగ్గడం చిన్న నష్టం. వెల్డుల ఫెటీగ్ ఆయుష్షు, అంటే పదేపదే ఊగినా పగలకుండా నిలిచే కాలం, పడిపోవడం పెద్ద నష్టం. 3 మిల్లీమీటర్ల ఉక్కు ఆ చిన్న నష్టాన్నే పూడుస్తుంది. రెండోది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే వస్తుంది. కానీ చాలామంది మొదటిదాని దగ్గరే వాదించుకుంటూ కూర్చుంటారు కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

నేను మొదట ముంబై హై చమురు క్షేత్రంలో జాకెట్ల మీద, అంటే ప్లాట్‌ఫారాలను మోసే ఉక్కు చట్రాల మీద పనిచేశాను. తర్వాత పదిహేనేళ్లకు పైగా ఉత్తర సముద్రంలో గాలిమరల పునాదులు చూస్తున్నాను. ఈ "మూసేస్తే తుప్పు పట్టదు" అన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. జాకెట్‌లో బ్రేసులు అనే అడ్డ గొట్టాలు ఉంటాయి. వాటి రెండు చివరలనూ వెల్డ్ చేసి మూసేస్తారు. వాటి లోపల నిజంగానే తుప్పు పట్టదు. ఎంత నమ్మకం అంటే, నీటి కింద తనిఖీలో ఏదైనా బ్రేసు లోపల నీళ్లు ఉన్నాయని తేలితే ఎక్కడో గోడను దాటిన పగులు ఉందని అర్థం చేసుకుంటాం. గాలిమరల పని మొదలైనప్పుడు ఆ అనుభవాన్నే మోనోపైల్‌కు కూడా వర్తింపజేశారు. డెన్మార్క్‌లో 2002లో 80 టర్బైన్లతో హార్న్స్ రెవ్ అనే సముద్రపు గాలిమరల క్షేత్రం వచ్చింది. మోనోపైల్స్ పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చిన ఆ కాలంలో, చాలా డిజైన్లలో గొట్టం లోపలికి రక్షణ ఏమీ పెట్టలేదు. లోపల గాలి ఆడదు కదా అనుకున్నారు.

కాగితం మీద ఆ లెక్క బాగానే ఉంటుంది. మీ పైల్‌తోనే చూద్దాం. నీటి మట్టానికి పైన, మూతకు కింద 10 మీటర్ల ఖాళీ ఉందనుకోండి. అందులో పట్టే గాలి 283 ఘనపు మీటర్లు. ఆ గాలిలోని ఆక్సిజన్ మొత్తం ఇనుమును తినడానికే ఖర్చయినా పోయేది 180 కిలోల చిల్లర. చుట్టూ ఉన్న గోడ మీద పరిస్తే 0.12 మిల్లీమీటరు. అంతే. దానికి తుప్పు అనే పేరు కూడా దండగ.

ఇప్పుడు నిజంగా ఏం జరుగుతుందో చూడండి. కరెంటు తీసుకెళ్లే కేబుల్ ఆ గొట్టంలోంచి బయటికి పోవాలి. అది పోయే చోట సీల్ ఉంటుంది. రబ్బరు సీల్ అలలకు కదిలే కేబుల్ చుట్టూ పాతికేళ్లు గట్టిగా ఉంటుందని ఆశపడటం అత్యాశ. సీల్ కాస్త కారితే బయటి ఆటుపోట్లతో పాటు లోపలి నీటి మట్టం కూడా లేవడం, దిగడం మొదలవుతుంది. లోపల నీరు 2 మీటర్లు దిగిందంటే పైనున్న గాలి పలచబడి, మూత సందుల్లోంచి బయటి గాలిని లాక్కుంటుంది. మీ వ్యాసానికి ఒక్కో దిగుడుకు దాదాపు 57 ఘనపు మీటర్లు. ఉత్తర సముద్రంలో రోజుకు రెండుసార్లు ఆటుపోట్లు. అంటే ఆ గొట్టం రోజుకు రెండుసార్లు ఊపిరి పీలుస్తోందన్నమాట. ఇక 0.12 మిల్లీమీటరు లెక్క ఎక్కడ నిలబడుతుంది?

దానికితోడు మనుషులం. కేబుల్ పనికో, బోల్టులు బిగించడానికో మూత తీస్తూనే ఉంటాం. 2009, 2010 ప్రాంతాల్లో ఇంకో గొడవ వచ్చింది. మోనోపైల్‌కూ దాని పైన కూర్చునే ట్రాన్సిషన్ పీస్‌కూ మధ్య సిమెంటు గ్రౌట్ పోసేవారు కదా, చాలా చోట్ల ఆ గ్రౌట్ పట్టు వదిలి పై భాగం కిందికి జారడం మొదలైంది. ఆ తర్వాత డీఎన్‌వీ అనే ప్రమాణాల సంస్థ నిబంధనలే మారాయి. ఆ జారుడు కొలవడానికి వెళ్లిన బృందాల్లో నేనూ ఉన్నాను. గ్రౌట్ చూడ్డానికి వెళ్లి తుప్పు చూసి వచ్చాం.

ఆ మొదటి మోనోపైల్ ఇప్పటికీ గుర్తుంది. మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గ్యాస్ మీటరు కూత మొదలుపెట్టింది. హైడ్రోజన్ సల్ఫైడ్. అడుగున ఆక్సిజన్ లేని బురదలో బతికే బ్యాక్టీరియా చేసే పని అది. వెంటనే మూత పెట్టేసి, ఫ్యాన్లతో గాలి ఆడించి, మర్నాడు దిగాం. (ఒక్క జాగ్రత్త చెప్పనివ్వండి. ఈ వాయువు మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగితే అదే ఆఖరు. మీటరు లేకుండా ఎవరు దిగమన్నా దిగకండి, అది మీ మేనేజరైనా సరే.)

లోపల నీటి మట్టం దగ్గర గోడ చుట్టూ మొలతాడు కట్టినట్టు ఒక నారింజ రంగు పట్టీ. గోకితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. శుభ్రం చేసి కొలిస్తే సగటున పోయిన మందం అర మిల్లీమీటరు కూడా లేదు. మాతో వచ్చిన ఆపరేటర్ మనిషి ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఒక చుట్టు వెల్డు (గొట్టం చుట్టూ వేసే అతుకు) అంచున గుంతల వరస ఉంది. లోతైన గుంత 2 మిల్లీమీటర్ల దాకా దిగింది. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే.

ఎందుకో చెప్పాలంటే పైన చెప్పిన రెండో కారణంలోకి రావాలి.

ఫెటీగ్ సంగతి

సైట్లో బైండింగ్ వైరు తెంచడానికి కట్టర్ లేకపోతే ఏం చేస్తాం? అటూ ఇటూ నాలుగుసార్లు వంచుతాం, తెగిపోతుంది. ఒక్కసారి లాగితే తెగని తీగ పదేపదే వంచితే తెగుతుంది. గాలిమర పునాది పరిస్థితి కూడా అదే, కాకపోతే వంపు కంటికి కనపడనంత చిన్నది, సార్లు మాత్రం కోట్లలో. సుమారు 4 సెకన్లకు ఒక ఊపు అనుకుంటే 25 ఏళ్లకు దాదాపు 20 కోట్ల ఊపులు. జాకెట్‌కు ప్రధానంగా అలల బాధే. గాలిమరకు అల, గాలి, రెక్కల తిరుగుడు అన్నీ కలిసి వస్తాయి.

వెల్డుల ఆయుష్షు లెక్కగట్టడానికి డీఎన్‌వీ సీ203 అనే పద్ధతి పత్రం వాడతాం. మీ ప్రాజెక్టులో కూడా అదే వాడి ఉంటారు. అందులో ఒకే వెల్డుకు, ఎంత ఒత్తిడికి ఎన్ని ఊపులు తట్టుకుంటుందో చూపే మూడు గీతలు ఉంటాయి: గాలిలో ఉన్నప్పుడు, సముద్రపు నీటిలో కాథోడిక్ ప్రొటెక్షన్ (ఆనోడ్లతోనో కరెంటుతోనో తుప్పును ఆపడం) ఉన్నప్పుడు, నీటిలో ఏ రక్షణా లేకుండా తుప్పు పడుతున్నప్పుడు. విద్యార్థులు ఎక్కువగా రెండో గీత తీసుకుని లెక్క ముగిస్తారు. మీరూ అదే చేశారని నా అనుమానం. ఆ పత్రం వెల్డులకు ఇచ్చే తరగతుల్లో ఒకటైన డీ తరగతి వెల్డు తీసుకుని రెండో, మూడో గీతల మధ్య తేడా చూడండి.

ఒత్తిడి ఊపు 100 మెగాపాస్కల్స్ ఉంటే, రక్షణ ఉన్న వెల్డు 5.8 లక్షల ఊపులు తట్టుకుంటుంది. రక్షణ లేనిది 4.9 లక్షలు. పెద్ద తేడా ఏం లేదు.

అదే 20 మెగాపాస్కల్స్ దగ్గర, రక్షణ ఉన్నది 126 కోట్ల ఊపులు తట్టుకుంటుంది. లేనిది 6 కోట్లు. ఇరవై రెట్ల తేడా.

కారణం ఇది. రక్షణ ఉన్నప్పుడు చిన్న ఊపులకు పగులు పెద్దగా పెరగదు. అందుకే 10 లక్షల ఊపుల దగ్గర ఆ గీత వంపు తిరిగి మెత్తబడుతుంది. తుప్పు పడుతున్న ఉక్కులో ఆ వంపు ఉండదు, గీత తిన్నగా దిగిపోతుంది. తుప్పు గుంతలు కొత్త పగుళ్లకు చోటు చూపిస్తాయి, ఉన్న పగులు కొసను ఉప్పునీరు తింటూ ఉంటుంది. ఏ ఊపూ ఉచితం కాదు, ప్రతిదీ లెక్కలోకి వస్తుంది. గాలిమరను బాధించేవి అరుదుగా వచ్చే పెద్ద తుఫాను దెబ్బలకన్నా రోజూ పగలూ రాత్రీ వచ్చే ఈ చిన్న ఊపులే. అందుకే ఈ తేడా జాకెట్ల వాళ్లకన్నా మమ్మల్ని ఎక్కువ బాధిస్తుంది.

మీ 20 కోట్ల ఊపులూ సరిగ్గా 20 మెగాపాస్కల్సే అనుకుందాం. ఇది వివరించడానికి వేసిన ముతక లెక్క, నిజంలో రకరకాల ఊపులు ఉంటాయి. రక్షణ ఉంటే ఆ వెల్డు ఆయుష్షు 150 ఏళ్లు దాటుతుంది. లేకపోతే ఏడున్నర ఏళ్లు.

ఇప్పుడు మీ 3 మిల్లీమీటర్ల దగ్గరికి రండి. 60 మిల్లీమీటర్ల గోడలో రెండున్నర పోతే ఒత్తిడి 4 శాతానికి కాస్త ఎక్కువ పెరుగుతుంది. దాని వల్ల ఫెటీగ్ ఆయుష్షు తగ్గేది ఏ గీత వాడారన్నదాన్ని బట్టి 12 నుంచి 19 శాతం. అదనపు మందం ఈ 12, 19 శాతాలను వెనక్కి తెస్తుంది. ఆ ఇరవై రెట్ల నష్టాన్ని తాకనుకూడా తాకదు. ఆ నష్టాన్ని మందంతోనే పూడ్చాలంటే ఒత్తిడిని సగానికన్నా కిందికి దింపాలి, అంటే గోడ మందం రెట్టింపు దాటాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని పుస్తకాల్లో ఒక మూలకు తోసేస్తారు. పలక మందం పెరిగేకొద్దీ వెల్డు ఫెటీగ్ బలం తగ్గుతుంది. 25 మిల్లీమీటర్ల పలకతో పోలిస్తే 60 మిల్లీమీటర్ల పలకలో డీ తరగతి వెల్డుకు ఒత్తిడిని 1.19 రెట్లు పెంచి లెక్క వేయమంటుంది అదే పత్రం. నేను పైన ఇచ్చిన అంకెల్లో అది కలపలేదు. మీరు కలపండి, పరిస్థితి ఇంకా దిగుతుంది. పైల్ దిగ్గొట్టాక లోపలి వెల్డులను దగ్గరగా తనిఖీ చేయలేం కాబట్టి లెక్కలో భద్రత కోసం ఆయుష్షును 3తో భాగించడం కూడా మామూలే. డిజైన్ బల్ల మీద సౌకర్యంగా కనిపించే వెల్డు ఇవన్నీ కలిపేసరికి ఇబ్బందిలో పడుతుంది.

మరి ఖర్చు? 3 మిల్లీమీటర్లు చవకేం కాదు. మీ కొలతలకు ఒక్కో పైల్‌కు అదనంగా దాదాపు 27 టన్నుల ఉక్కు. 80 పైల్స్‌కు 2,100 టన్నులు దాటుతుంది. వంచడం, వెల్డింగు, ఎత్తడం దీనికి అదనం. దీని పక్కన ఆనోడ్ల లెక్క పెట్టి పోల్చి చూడండి. లోపల 20 మీటర్ల నీరు, పెయింటు లేని ఉక్కు, చల్లని సముద్రం అనుకుంటే చదరపు మీటరుకు సగటున 0.1 ఆంపియర్ కావాలి. అల్యూమినియం ఆనోడ్ కిలోకు 2,000 ఆంపియర్-గంటలు ఇస్తుంది. 25 ఏళ్లకు, కింద బురదలో ఉన్న భాగాన్ని కూడా కలుపుకుంటే 6 టన్నుల దగ్గర తేలుతుంది. 27 టన్నుల ఉక్కు వేసి ఆయుష్షు 19 శాతం తెచ్చుకుంటారా, 6 టన్నుల ఆనోడ్లు వేసి మంచి గీత మీద ఉంటారా?

"అయితే ఆనోడ్లు వేసేస్తే అయిపోయింది కదా" అనకండి. అక్కడే మేం బోల్తా పడ్డాం.

ఆనోడ్లు తెచ్చిన కొత్త తలనొప్పి

పైన చెప్పిన గుంతల పైల్ లాంటివి కొన్నింటికి, పేరు అక్కర్లేదు, లోపల అల్యూమినియం ఆనోడ్లు గొలుసులకు కట్టి వేలాడదీశారు. సముద్రంలో దశాబ్దాలుగా వాడుతున్న ఆనోడ్లే. మొదటి నెలల్లో రీడింగులు బంగారంలా ఉన్నాయి. ఏడాది తర్వాత నీళ్లు తీసి చూస్తే పీహెచ్ 5 దగ్గరికి పడిపోయింది. సముద్రపు నీరు మామూలుగా 8 చుట్టూ ఉంటుంది.

అల్యూమినియం కరిగి నీటిలో కలిసినప్పుడు నీటి అణువులను చీల్చి హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, ఆమ్లాన్ని వదులుతుంది. బయట సముద్రంలో అయితే ప్రవాహం దాన్ని ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. మూసిన గొట్టంలో నీరు కదలదు, ఆమ్లం పేరుకుంటుంది. దానివల్ల రెండు నష్టాలు. మామూలుగా రక్షణలో ఉన్న ఉక్కు మీద సున్నపు పొర ఒకటి తనంతట తాను ఏర్పడుతుంది. మన ఇంట్లో బోరునీళ్లు కాచిన గిన్నెకు పట్టే తెల్లపొర లాంటిదే. అది ఉక్కును కప్పి కరెంటు అవసరాన్ని తగ్గిస్తుంది. ఆమ్లపు నీటిలో అది ఏర్పడదు, ఉన్నది కరిగిపోతుంది. దాంతో కరెంటు అవసరం పెరుగుతుంది, ఆనోడ్లు తొందరగా అరుగుతాయి, ఇంకా ఆమ్లం పుడుతుంది. పైగా హైడ్రోజన్ వాయువు ఊరుతుంది. మూసిన చోట హైడ్రోజన్ ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడుగా ఇప్పుడు వాడుతున్నవి కొన్ని ఉన్నాయి. జింకు ఆనోడ్లు పెడితే ఆమ్లం బాధ తక్కువ, కానీ బరువు బాగా ఎక్కువవుతుంది. బయటి నుంచి కరెంటు పంపే ఐసీసీపీ పద్ధతి ఉంది. సర్దుబాటు చేసుకునే వీలుంది కాబట్టి చాలామందికి అది ఇష్టం. అయితే దాని ఆనోడు దగ్గర కూడా నీరు ఆమ్లమవుతుంది, క్లోరిన్ పుడుతుంది, దానికి గాలి ఆడే ఏర్పాటు లేకపోతే మొదటికే మోసం. మూడోది, గోడకు రంధ్రాలు పెట్టి సముద్రపు నీటిని లోపలికీ బయటికీ తిరగనివ్వడం.

నా మొగ్గు మూడోదానికే. "మూసి ఉంచుతాం" అన్న భ్రమ వదిలేసి, గొట్టం తెరిచే ఉంటుందని ఒప్పుకుని, దానికి తగ్గట్టు డిజైన్ చేయడం నిజాయితీగా ఉంటుంది. కొత్త నీటితో పాటు ఆక్సిజన్ కూడా వస్తుంది కాబట్టి ఆనోడ్ల లెక్క దాని ప్రకారం పెంచాలి. రంధ్రం అంటే ఒత్తిడి పోగయ్యే చోటు. అందుకని వంపు తాకిడి తారస్థాయిలో ఉండే సముద్రపు అడుగు మట్టానికి దూరంగా, వెల్డులకు దూరంగా, అంచులు నున్నగా గ్రైండ్ చేసి పెట్టాలి. ముందే ఫ్యాక్టరీలో చేస్తే ఇది తేలిక. పైల్ దిగ్గొట్టాక డైవర్లతో చేయించాలంటే డబ్బులు నీళ్లలో పోసినట్టే. ఈ విషయంలో నాతో ఏకీభవించని మంచి ఇంజినీర్లు ఉన్నారు. వాళ్లు ఐసీసీపీ అంటారు. వాళ్ల వాదనలోనూ పస ఉంది, ముఖ్యంగా పాత పైల్స్ విషయంలో.

ఆనోడ్లను గోడకే వెల్డ్ చేసేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. వద్దు. సుత్తి దెబ్బలకు అవి ఊడిపోతాయన్నది ఒక కారణం. అసలు కారణం ఫెటీగే. 1980 మార్చి 27న నార్వే సముద్రభాగంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే తేలే ప్లాట్‌ఫారం బోల్తా పడి 123 మంది చనిపోయారు. ఒక బ్రేసుకు హైడ్రోఫోన్ (నీటిలో శబ్దాన్ని పట్టే పరికరం) బిగించడానికి వేసిన 6 మిల్లీమీటర్ల చిన్న వెల్డు దగ్గర మొదలైన పగులే దానికి మూలం. ఆ పరికరం ఎంత, ఆ ప్లాట్‌ఫారం ఎంత! అప్పటినుంచి ప్రధాన ఉక్కుకు ఎవరైనా "చిన్న క్లిప్పే కదా" అంటూ వెల్డ్ చేయబోతే మా రంగంలో ఒప్పుకోరు. అందుకే మోనోపైల్స్‌లో ఆనోడ్లను పై భాగానికి బిగించిన చట్రాలకో, గొలుసులకో వేలాడదీస్తాం.

పైగా మోనోపైల్‌కు రెండో అవకాశం లేదు. జాకెట్‌లో ఒక బ్రేసు తెగినా బరువు పక్కవాటి మీదికి మళ్లుతుంది, మరమ్మతుకు సమయం దొరుకుతుంది. ముంబైలో అలాంటివి చూశాను. మోనోపైల్ ఒకటే గొట్టం. చుట్టు వెల్డు పగిలితే పంచుకునే వాళ్లు లేరు.

కొలతల గురించి ఒక మాట. రక్షణ ఉందో లేదో చెప్పే కొలత వోల్టేజీ. సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో చూస్తే ఉక్కు మైనస్ 0.80 వోల్టులు లేదా అంతకన్నా కిందికి ఉండాలి. బ్యాక్టీరియా ఉన్న బురదలో మైనస్ 0.90. మరీ మైనస్ 1.10 దాటితే ఎక్కువ బలం ఉన్న ఉక్కులోకి, బోల్టుల్లోకి హైడ్రోజన్ దూరి పెళుసు చేస్తుంది. ఒకసారి ఒక ఆపరేటర్ మూడేళ్ల రిపోర్టులు చూపించారు, అన్నీ మైనస్ 1.00 చుట్టూ. చూడముచ్చటగా ఉన్నాయి. ఎలక్ట్రోడ్ ఎక్కడుందని అడిగితే ఆనోడు పక్కనే, మీటరు దూరంలో. పొయ్యి పక్కన థర్మామీటరు పెట్టి ఇల్లంతా వెచ్చగా ఉందన్నట్టు. తాడుకు కట్టి అడుగుదాకా దించితే మైనస్ 0.74 వచ్చింది. మూడేళ్లు అక్కడ రక్షణ లేదన్నమాట, ఆ మూడేళ్ల ఊపులన్నీ చెడ్డ గీత మీద లెక్కవేయాల్సి వచ్చింది. మీరు రాసే స్పెసిఫికేషన్‌లో ఎలక్ట్రోడ్ల సంఖ్య కన్నా వాటి స్థానం ముందు రాయండి.

బయటి వైపు సంగతి క్లుప్తంగా. అల కొట్టిన చోట తడిసి ఆరే పట్టీని స్ప్లాష్ జోన్ అంటాం. అక్కడ ఎప్పుడూ నీరు ఉండదు కాబట్టి ఆనోడు కరెంటు అందదు. అక్కడ మాత్రం మీ మాటే కరెక్టు: మంచి పెయింటు, దానితో పాటు అదనపు మందం. గాలిమరలకు రాసిన డీఎన్‌వీ 0416లో ఈ పట్టీకి బయటివైపు చల్లని సముద్రాల్లో ఏడాదికి 0.3 మిల్లీమీటరు, ఉష్ణమండలంలో 0.4 తీసుకోమంటారు. అంటే అదనపు మందం పనికిరాని ఆలోచన కాదు, దాని చోటు వేరు.

ఇక మన తీరం. ఇండియాలో సముద్రపు గాలిమరలకు గుజరాత్, తమిళనాడు తీరాలను ఎంచుకున్నారు. ఒక్కో చోట 500 మెగావాట్ల కోసం 2024 జూన్‌లో కేంద్రం 7,453 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. మీ కాకినాడ దగ్గరి సముద్రంలో గాలిమరలు లేకపోయినా రవ్వ చమురు ప్లాట్‌ఫారాలు ఉన్నాయి, ఉక్కు బాధలు అక్కడా ఇవే. వెచ్చని నీటిలో తుప్పు ఎక్కువ కాబట్టి ఆనోడ్లు కూడా ఎక్కువ కావాలని మీరు రాశారు. సహజంగా అలాగే అనిపిస్తుంది. కానీ నీటి కింద భాగానికి లెక్క తిరగబడుతుంది. వెచ్చని నీటిలో సున్నపు పొర త్వరగా, దట్టంగా పడుతుంది. అందుకే డిజైన్ పత్రాల్లో చల్లని సముద్రానికి సగటున చదరపు మీటరుకు 0.1 ఆంపియర్ అడిగితే, 20 డిగ్రీలు దాటిన నీటికి 0.07 చాలంటారు. నేను పైన వేసిన 6 టన్నుల లెక్క మన నీటిలో 4.6కి దిగుతుంది. స్ప్లాష్ జోన్‌లో మాత్రం వేడి, ఉప్పు కలిసి మనల్ని ఎక్కువ తింటాయి. గుంతలు పడే వేగం, బ్యాక్టీరియా కూడా వేడికి ఉత్సాహపడతాయి. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్లు పెద్దవి కాబట్టి ఆ తడిసి ఆరే పట్టీ కూడా పొడుగవుతుంది. మన నీటికి సంబంధించిన కొలతలు కావాలంటే కారైక్కుడిలోని సీఈసీఆర్ఐ (కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ) వాళ్లకు మండపంలో సముద్రపు తుప్పు పరీక్షా కేంద్రం ఉంది, వాళ్ల పనులు వెతకండి. ఐరోపా అంకెలు తెచ్చి మన్నార్ సింధుశాఖకు అతికించకండి.

రక్షణ బాగా పనిచేస్తే ఇంకో అతిథి వస్తుంది. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉన్న రాగి రేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి తుప్పు ఆపి చూపించాడు. ఈ విద్యకు ఆయనే ఆద్యుడు. రాగి కరగడం ఆగింది. రాగి విషానికి భయపడి దూరంగా ఉన్న గుల్లలు హాయిగా వచ్చి అంటుకుని ఓడల వేగం తగ్గించాయి. ఉక్కుకు విషం లేదు కాబట్టి మన పైల్స్‌కు రక్షణ ఉన్నా లేకున్నా గుల్లలూ ఆల్చిప్పలూ పడతాయి. వాటి మందం వల్ల అలల తాకిడి పెరుగుతుంది. దాన్ని బయటి వ్యాసానికి కలిపారో లేదో మీ మోడల్‌లో ఒకసారి చూసుకోండి, విద్యార్థులు మరిచిపోయేది ఇదే ఎక్కువ.

మీ రిపోర్టులో మార్చాల్సింది ఏమిటంటే, "మూసి ఉంటుంది, తుప్పు ఉండదు" అన్న వాక్యం తీసేయండి. దాని బదులు, రక్షణ ఏర్పాటు చేసేదాకా గడిచే నెలలను తుప్పు గీత మీద, మిగిలిన కాలాన్ని రక్షణ గీత మీద లెక్కేసి రెండూ కలపండి. నిజంలో టర్బైన్ పైకెక్కాక ఐసీసీపీకి కరెంటు అందేలోపు ఏడాది కూడా పట్టొచ్చు, ఆ ఏడాది కూడా పైల్ ఊగుతూనే ఉంటుంది. మందం మార్చిన ప్రతిసారీ సహజ ఊపు వేగం కూడా మారుతుంది కాబట్టి అది రెక్కల తిరుగుడు వేగానికి దగ్గర పడుతోందేమో చూడండి. చుట్టు వెల్డుల ఎత్తులు, ఒక్కోదాని దగ్గర ఒత్తిడి ఊపుల పట్టిక మీ దగ్గర ఉంటే ఇక్కడే పెట్టండి, ఏ వెల్డు ముందు పోతుందో నేను కూడా లెక్కేసి చెబుతాను.